అమ్మకి గ్యాస్ అని ఇంటికి పంపేశారు, తెల్లారేసరికి హార్ట్ ఎటాక్. కేసు వేయొచ్చా?

కంచరపాలెం కుర్రోడు:
నమస్కారం అండి. మా అమ్మకి 58, చాన్నాళ్లుగా షుగర్ ఉంది. పోయిన నెల ఓ రాత్రి భోంచేశాక బొడ్డు పైన మంట, వాంతులు. జాకెట్టు తడిసిపోయేంత చెమట. దగ్గర్లోని ప్రైవేట్ నర్సింగ్ హోంకి తీసుకెళ్లాం (పేరు రాయను). ఈసీజీ తీశారు. డ్యూటీలో ఉన్నాయన ఓసారి చూసి "ఏం లేదమ్మా, గ్యాస్. రాత్రి ఏం తిన్నావు?" అన్నాడు. అమ్మ "చేపల పులుసు" అంది. ఇంకేముంది, నేరం పులుసు మీదకి పోయింది. పాంటాప్ ఇంజెక్షన్ చేసి, సిరప్ రాసి గంటలోపే పంపేశారు. బిల్లు 1,850.

తెల్లవారుజామున బాత్రూం దగ్గర కూలబడిపోయింది. 108లో ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తే, గుండె కింది గోడకి ఎటాక్, కుడి రక్తనాళం పూర్తిగా మూసుకుపోయింది అన్నారు. స్టెంట్ వేశారు. బతికింది గానీ ఎకోలో (గుండె స్కాన్) గుండె పంపింగ్ 35 శాతమే. బావి దగ్గరకి వెళ్లొచ్చినా ఆయాసమే. మావయ్యేమో "డాక్టర్లతో పెట్టుకోకురా, రేపు మళ్లీ వాళ్ల గుమ్మమే ఎక్కాలి" అంటున్నాడు. నా దగ్గర బిల్లు, ఓపీ చీటీ ఉన్నాయి. చీటీలో "ఏపీడీ" (అంటే కడుపులో యాసిడ్ జబ్బు) అని మూడక్షరాలే. ఈసీజీ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఇది నిర్లక్ష్యం కిందకి వస్తుందా?

నైట్ డ్యూటీ:
విశాఖలోనే క్యాజువాలిటీలో చాలా ఏళ్లు చేశాను, అందుకే రాస్తున్నా. గుండె కింది గోడ డయాఫ్రం (ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే కండరం) మీద ఆని ఉంటుంది. అక్కడ ఎటాక్ వస్తే పొట్టలో నొప్పి, వాంతి రావడం మామూలే. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, వయసు మళ్లినవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చు. ఇది స్టూడెంట్‌గా ఉండగానే నేర్చుకునే పాఠం.

అయితే ఒక మాట. మొదటి ఈసీజీ నిజంగానే నార్మల్‌గా ఉండొచ్చు. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) కూడా మొదటి గంటల్లో పెరగకపోవచ్చు. అందుకే ఒక్క ఈసీజీతో వదలకూడదు. నొప్పి తగ్గకపోతే 15 నుంచి 30 నిమిషాల్లో మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ కొన్ని గంటల తేడాతో రెండోసారి చూడాలి. పాంటాప్‌తో కాస్త తెరిపి ఇచ్చినంత మాత్రాన గుండె కాదని చెప్పలేం. షుగర్ ఉంది, చెమటలు పోశాయి, అయినా గంటలోపే పంపేశారన్నారు చూడండి, నా లెక్కలో అసలు తప్పు అక్కడుంది. ఆ ఈసీజీలో గుండె కింది గోడని చూపే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ అనే గీత భాగం అప్పటికే పైకి లేచి ఉంటే (ఎటాక్ గుర్తు అదే) మాత్రం వాళ్లకి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కాబట్టి ముందు ఆ కాగితం సంపాదించండి.

నల్లకోటు:
రోగం పోల్చుకోవడంలో పొరపడితే చాలు నిర్లక్ష్యం అయిపోదు. ఆ పరిస్థితిలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరు ఎవరైనా చేసే పని ఈయన చేశాడా లేదా అనేదే కోర్టు చూస్తుంది. పోలీసు కేసు జోలికి ఇప్పుడే పోకండి. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసుకి ఘోరమైన నిర్లక్ష్యం కనిపించాలంది.

మీ దారి వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకి వస్తుందని 1995లోనే తేలిపోయింది. అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రి అయితే ఈ దారి ఉండేది కాదు. మీ 1,850 బిల్లు విలువ అందులో ఉంది, పారేయకండి. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, మీరుంటున్న జిల్లాలోనే వేయొచ్చు. డ్యూటీ డాక్టరుతో పాటు నర్సింగ్ హోంని కూడా చేర్చండి.

హైదరాబాద్‌లో ఒకావిడకి మలేరియా అయితే టైఫాయిడ్‌కి మందులిచ్చారు, ఆవిడ చనిపోయింది. ఆవిడ భర్త కిషన్‌రావు వేసిన ఆ కేసులో ప్రతిదానికీ నిపుణుల సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీది ఈసీజీతో ముడిపడిన వ్యవహారం. ఒక కార్డియాలజిస్టు అభిప్రాయం రాతలో లేకుండా వెళ్లమని నేను చెప్పను.

పెందుర్తి లక్ష్మి:
తమ్ముడూ, ఈసీజీ దొరికితే ఆ రోజే జిరాక్స్, ఫోటో తీసుకో. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి. మా నాన్నగారిది బీరువాలోంచి తీస్తే తెల్లకాగితం! లామినేషన్ మాత్రం చేయించకు, వేడికి నల్లగా అయిపోద్ది. మావయ్యగారికి నమస్కారాలు చెప్పు, మాట మాత్రం వినకు.

కంచరపాలెం కుర్రోడు:
ఈరోజు వెళ్లి అడిగాను. "ఓపీ వాళ్లకి ఫైల్ ఉండదు, ఈసీజీ మీకే ఇచ్చేశాం" అంటున్నారు. ఇవ్వలేదండీ బాబూ. ఇప్పుడేం చేయాలి?

నైట్ డ్యూటీ:
చాలా ఈసీజీ మిషన్లలో మెమరీ ఉంటుంది, అదీ అడగండి. రెండో ఆసుపత్రి కేస్ షీట్ మొత్తం కాపీ తీసుకోండి, డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చాలదు. చేర్చుకునేటప్పుడు నొప్పి ఎప్పుడు మొదలైంది, ముందు ఎక్కడ చూపించారు అని రాస్తారు. మీకు పనికొచ్చేది అదే.

నల్లకోటు:
నోటిమాటగా అడగొద్దు. అమ్మగారి సంతకంతో దరఖాస్తు రాయండి, తెలుగులో రాసినా ఫర్వాలేదు. తేదీ, టైము, బిల్లు నంబరు వేసి ఈసీజీ, మిషన్ మెమరీలో ఉన్న కాపీ, ఓపీ రిజిస్టర్ నకలు అడగండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో రికార్డులివ్వాలి. దరఖాస్తు నకలు మీద వాళ్ల స్టాంపు వేయించుకోండి, వేయకపోతే అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పోస్టులో పంపండి. "లేదు" అనేదైనా సరే, కాగితం మీదే చెప్పించండి.