కథ గడగడా చెప్తారు, "ఇతివృత్తం రాయి" అంటే పేపరు ఖాళీ. ఎట్లా నేర్పాలి?

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. కథలో ఏం జరిగిందంటే పొల్లుపోకుండా చెప్తారు. సంఘర్షణ, నేపథ్యం, ఇతివృత్తం, దృష్టికోణం (కథ ఎవరి నోట నడుస్తోంది) అని విడివిడిగా అడిగితే మాత్రం ప్రతిదానికీ కథంతా మళ్లీ రాస్తారు. నిర్వచనాలు బట్టీ వచ్చు, కొత్త కథ ఇస్తే అక్కరకు రావు. అలంకారాల్లోనూ అదే తంతు, 'లా' కనపడితే చాలు ఉపమ. పైగా ఇంగ్లీషు క్లాసులో ప్లాటు (కథ నడిచే తీరు), థీమ్ (కథ సారం) అని విని వచ్చి రెండూ కలగాపులగం చేస్తున్నారు. ఏది ముందు చెప్పాలి? ఎన్ని పీరియడ్లు పడతాయి?

బుడ్డల_చేను, అనంతపురం

ముందు సంఘర్షణ సార్. మిగతావన్నీ దానికి వేలాడేవే. పాఠంలో కథ తీసుకోవద్దు, దాని జవాబులు గైడులో ఉంటాయి. ఎనిమిది పది వాక్యాల సొంత కథ బోర్డు మీద రాయండి. ఇట్లాంటిది:

"లక్ష్మి నాయనతో పాటు పత్తికొండ మార్కెట్టుకు పోయింది. పదిహేను బాక్సుల టమాటా. ఆమె చెప్పు తెగి మూడు రోజులైంది, పిన్నీసుతో నెట్టుకొస్తోంది. 'సరుకు అమ్మినాక చెప్పులు తీసిస్తా' అని పొద్దున్నే నాయన మాటిచ్చాడు. వేలంలో పలికిన రేటు కోత కూలికీ ఆటో బాడుగకూ సరిపోయింది. నాయన చెప్పుల అంగడి ముందు ఆగి, జేబు తడుముకుని, 'ఏ జత కావల్ల మా?' అన్నాడు. లక్ష్మి కాలు వెనక్కి లాక్కుంది. 'ఇవే బాగున్నాయి నాయనా, పిన్నీసు గట్టిగానే ఉంది' అనింది. ఇద్దరూ బస్టాండు దిక్కు నడిచారు."

మొదటి పీరియడు ఒకటే ప్రశ్న: ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డం? రేటు అడ్డం అంటారు. అది బాహ్య సంఘర్షణ. అక్కడ ఆగనీయకండి. చెప్పులు కావాలి, నాయనను ఇబ్బంది పెట్టకూడదు, ఈ రెండూ లక్ష్మిలోనే కొట్లాడుతున్నాయి. అది అంతస్సంఘర్షణ, కథ నడిచేది దాని మీదే.

రెండో పీరియడు కథాక్రమం, పతాక సన్నివేశం (సంఘర్షణ తేలిపోయే ఘట్టం). వాక్యాలను చీటీలుగా కత్తిరించి ఐదుగురేసి గుంపులకిచ్చి వరసలో పెట్టమనండి. రెండు చీటీల మధ్య "అందుకని" గానీ "అయినా" గానీ పెట్టి చూడాలి. ఉట్టి "ఆ తర్వాత" తప్ప ఇంకేదీ అతకకపోతే అక్కడ కారణం లేదు, సంఘటన మాత్రమే ఉంది. పతాక సన్నివేశం ఏదంటే క్లాసులో ముప్పాతిక మంది వేలం అంటారు, గోల అక్కడుంది కాబట్టి. వేలం మలుపు మాత్రమే. లక్ష్మి అడుగుతుందా లేదా అన్నది అప్పటికింకా తేలలేదు. తేలింది కాలు వెనక్కి లాక్కున్నప్పుడు.

నేపథ్యానికి పది నిమిషాలు చాలు. ఊరి పేరు రాసి ఊరుకోకుండా కాలం, పరిస్థితి కూడా రాయించండి. టమాటా తీసేసి జీతం వచ్చే ఇల్లు పెడితే కథ నిలబడుతుందా అని అడగండి, వాళ్లే చెప్తారు.

ఇతివృత్తం అన్నిటికన్నా చివర. "పేదరికం" అని ఒక్క మాట రాస్తే ఒప్పుకోవద్దు, అది విషయం. లక్ష్మి పేరు, టమాటా రాకుండా ఒక పూర్తి వాక్యం రాయాలి: "ఇంటి లేమి తెలిసిన పిల్లలు అడగాల్సింది కూడా అడగరు." కొందరు "కష్టపడితే ఫలితం దక్కుతుంది" అని నీతి అతికిస్తారు. కథలో ఏ వాక్యం ఆ మాట చెప్తోందో గీత గీయమనండి. గీత గీయడానికి చోటు దొరకదు.

పిన్నీసును వదలొద్దు. మొదటిసారి వచ్చినప్పుడు అది వట్టి పిన్నీసు. రెండోసారి వచ్చేసరికి దాంట్లో అబద్ధం, ప్రేమ రెండూ ఉన్నాయి. ప్రతీక అంటే ఏందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మొత్తం నాలుగు పీరియడ్లు, ఒకే కథ. ఐదో రోజు కొత్త కథతో పరీక్ష.

పలక_బలపం, కడప

పైన చెప్పింది బాగుంది గానీ దృష్టికోణాన్ని దాటేశారు. ఇంగ్లీషుతో కలగాపులగం ఎక్కువగా అయ్యేది అక్కడే. ఇంగ్లీషులో ఫస్ట్ పర్సన్ అంటే 'నేను', తెలుగులో అది ఉత్తమ పురుష. ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, వాళ్లు, అంటే వాళ్ల థర్డ్ పర్సన్. ప్రథమ అంటే మొదటిది కదా అని పిల్లలు తిరగేసి రాస్తారు. బోర్డు మీద ఒక మూల నెలంతా ఉంచండి: నేను ఉత్తమ, నువ్వు మధ్యమ, వాడు ప్రథమ. ఇదే కథను నాయన 'నేను'తో చెప్పినట్టు తిరగరాయమంటే, లక్ష్మి మనసులో మాట చెప్పే వీలు పోయిందని వాళ్లకే తెలుస్తుంది.

ఇంకొకటి, ఇతివృత్తం అనే మాటకే రెండు అర్థాలున్నాయి. నాటక లక్షణ గ్రంథాల్లో అది కథాశరీరం, ఇంగ్లీషు ప్లాటుకు దగ్గర. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణ అనే ఐదు సంధులు (కథ సాగే దశలు) దానివే. బడి పుస్తకంలో థీమ్ అనే అర్థంలో వాడతారు, అదీ విషయసూచికలో ఒక్క మాటగా. పిల్లలు ఒక్క మాట రాసేది అక్కడ చూసే. పరీక్షలో "ఏ ఇతివృత్తానికి చెందినది" అంటే ఒక్క మాట చాలు, "ఇతివృత్తాన్ని వివరించండి" అంటే వాక్యం కావాలి.

యతి_ప్రాస

అలంకారాలకు ఒకే వస్తువు పట్టుకుని వాక్యం మార్చుకుంటూ పోండి.

రోడ్డు పెనంలా కాలుతోంది: ఉపమ. ఉపమేయం రోడ్డు, ఉపమానం పెనం, సమాన ధర్మం కాలడం, ఉపమావాచకం 'లా'.
రోడ్డనే పెనం మీద నడిచింది: రూపకం. పోలిక కాదు, రెండూ ఒకటే అనేశాం.
రోడ్డు కింద ఎవరో పొయ్యి రాజేశారేమో అన్నట్టుంది: ఉత్ప్రేక్ష, ఊహ.
ఆ రోడ్డు మీద గుడ్డు పెడితే క్షణంలో పొదిగి కోడి లేస్తుంది: అతిశయోక్తి. ఇది పిల్లలే చెప్తారు, ఇంకా పెద్దవి కూడా.

'లా' జబ్బుకు మందు: "వాన వచ్చేలా ఉంది" రాసి నాలుగు భాగాలూ చూపించమనండి. ఉపమానం దొరకదు. "అన్నలాగే తమ్ముడూ పాసయ్యాడు" ఇంకా తిప్పలు పెడుతుంది. పోలిక ఉంది, అందం లేదు. ఉపమకు రమణీయత కావాలి.

రైమ్‌ను ప్రాస అని అనువదించకండి. పాదం చివర కలిసేది అంత్యప్రాస. ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే కావడం. వేమన పద్యాల్లో దాన్ని వెతికిస్తే టైము దండగ, అవి ఎక్కువగా ఆటవెలదులు, ఆ ఛందస్సుకు ప్రాస నియమమే లేదు.

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు

చీటీల పద్ధతి సోమవారం మొదలుపెడతా. పతాక సన్నివేశం వేలమే అని రాసినవాళ్లకు మార్కులు కోయాలా?

బుడ్డల_చేను, అనంతపురం

కారణం చూడండి సార్. "కథంతా నాయన గురించే, ఆయన ఆశ పోయింది అక్కడే" అని రాస్తే పూర్తి మార్కులు ఇవ్వచ్చు, వాడు సంఘర్షణను నాయన వైపు నుంచి పట్టుకున్నాడు. ఉట్టిగా "వేలం" అని రాస్తే సగం.