పాత లారీ క్రాంక్ పుల్లీ అరిగింది: లేత్ పట్టించాలా, కొత్తది వేయాలా?

టెక్కలి_లోడ్:
పాత ఆరు సిలిండర్ల బండి, గ్రానైట్ లోడు. క్రాంక్ పుల్లీకి (ఇంజను ముందు తిరుగుతూ బెల్టుల్ని లాగే చక్రం) రెండు గాడులు, రెండు ఫ్యాన్ బెల్టులు. కొత్త బెల్టులు వేసినా పొద్దున్న స్టార్టింగ్‌లో కీచుమంటున్నాయి. ఎక్కుడులో టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. బిగిస్తే నాలుగు రోజులకే మళ్లీ లూజు. లేత్ పట్టించి గాడి గీయిస్తే సరిపోద్దా, కొత్తదే వేయాలా?

గాజులరేగ_లేత్:
ముందు తప్పు పుల్లీదేనా అన్నది తేల్చుకోండి. బెల్టు తీసి గాడి అడుగున టార్చి వేయండి. అడుగు తళతళా మెరుస్తుంటే బెల్టు అక్కడ రాసుకుంటోందన్నమాట. వీ ఆకారపు బెల్టు పట్టంతా పక్క గోడల మీదే. అడుక్కి తగిలాక జారడమే మిగులుతుంది. తర్వాత గోడకి స్టీలు స్కేలు ఆనించండి, తిన్నగా ఉండాలి. పళ్లెంలా లోతుపడి ఆ లోతు 0.8 మి.మీ. దాటితే గాడి అయిపోయినట్టే. అయినా కొత్తదానికి పరిగెట్టక్కర్లేదు. బీడు (పోత ఇనుము) పుల్లీ, గోడకి అర మి.మీ. తీస్తే శుభ్రంగా వచ్చేస్తుంది.

సాలూరు_స్పేర్స్:
అర మి.మీ. అని తేలిగ్గా అనేశారు. 38 డిగ్రీల గాడిలో ఒక్కో గోడకి అర మి.మీ. తీస్తే బెల్టు సుమారు ఒకటిన్నర మి.మీ. కిందకి దిగుతుంది. వ్యాసంలో 3 మి.మీ. పోయినట్టు. క్రాంక్ పుల్లీ చిన్నదైతే ఫ్యాను, వాటర్ పంపు, డైనమో అన్నీ నెమ్మదిస్తాయి. వేడెక్కే బండికి ఇదేటి వైద్యం? మన విజయనగరం జిల్లాలోనే సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కించి చూడండి.

ఎస్‌కోట_బాబు:
సాలూరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా గురూ.

గాజులరేగ_లేత్:
180 మి.మీ. పుల్లీలో 3 అంటే నూటికి 1.7. నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఫ్యాను 1967 తిరుగుతుంది. ఆ 33 చుట్లకి రేడియేటర్ మరిగిపోద్దా? ఇప్పుడు జారుతున్న బెల్టు అంతకన్నా ఎక్కువే తినేస్తోంది.

సాలూరు_స్పేర్స్:
180 ఎక్కడ కొలిచారు? అంచు మీదా, బెల్టు కూర్చునే చోటా?

గాజులరేగ_లేత్:
కూర్చునే చోట 170 అనుకోండి. 1.8 అవుద్ది. తృప్తేనా?

పాత_పానా:
ఒక శాతం కోసం ఇద్దరూ కొట్టుకుంటున్నారు గానీ, ఆయన బండికి గాడులు రెండు. అవి సమానంగా అరగవు. ఒకటి లోతుగా ఉంటే ఆ బెల్టు తక్కువ దూరం లాగుతుంది, పక్కది ఎక్కువ లాగుతుంది. ఏదో ఒకటి జారక తప్పదు. భారమంతా ఒక్కదాని మీద పడి అదే ముందు తెగుతుంది. రెండు బెల్టులూ వేసి వాటి వీపుల మీద స్కేలు అడ్డంగా పెట్టండి. రెండూ ఒకే ఎత్తులో, పుల్లీ అంచుకి సమానంగానో కాస్త పైకో ఉండాలి. లేత్ పట్టిస్తే రెండు గాడులూ ఒకే కొలతకి తీయాలి, అడుగూ దింపాలి. బెల్టులు ఒకే కంపెనీ జత.

పుల్లీ నడిమి హబ్‌కీ అంచుకీ మధ్య రబ్బరు ఉందా చూడండి. ఉంటే అది డ్యాంపర్, క్రాంక్ అదురు తగ్గించేది. రెంటి మీదుగా ఒక గీత గీసి బండి నడపండి. గీత పక్కకి జరిగితే రబ్బరు వదిలేసినట్టు, దానికి లేత్ దండగ. వెల్డింగ్‌తో గాడి నింపుతామనే వాళ్ల దగ్గరికి అసలు పోకండి. రబ్బరు కాలుతుంది, బీడు పగులుతుంది.

విప్పేటప్పుడు బ్యాటరీ ఎర్త్ తీసి, రేడియేటర్‌కి అట్ట అడ్డం పెట్టండి. పుల్లీ లాగే పుల్లర్ కాళ్లు అంచుకి తగిలించారో, అంచు ముక్క ఊడుతుంది. హబ్‌లో మరలున్న రంధ్రాలకి బోల్టులు పట్టించి లాగాలి. సుత్తి వద్దు, దెబ్బ క్రాంక్ థ్రస్ట్ బేరింగులకి పోతుంది. బయటికొచ్చాక ఆయిల్ సీలు రాసుకునే చోట గోరు పెట్టి చూడండి. గోటికి గీత తగిలితే కొత్త సీలు కూడా కారుతుంది, ఆ ఆయిలే బెల్టు మీద పడుతుంది. అక్కడ స్లీవ్ (పల్చటి లోహపు తొడుగు) వేయించాలి. పుల్లీ క్రాంక్ మీద జారకుండా పట్టే కీ ముక్క అంచులు నలిగితే అదీ మార్చాలి.

బిగింపు సంగతి: రెండు పుల్లీల మధ్య 400 మి.మీ. ఉంటే నడిమధ్య నొక్కినప్పుడు 6, 7 మి.మీ. దిగాలి. అరగంట నడిపి, ఆపి, మళ్లీ బిగించాలి. ఇది చాలామంది వదిలేస్తారు.

ఎస్‌కోట_బాబు:
బెల్టుకి సబ్బు రుద్దితే అరుపు ఆగుద్ది.

పాత_పానా:
అరుపే ఆగుద్ది బాబూ, జారడం ఆగదు.

సాలూరు_స్పేర్స్:
ఇన్ని పాట్ల కన్నా కొత్తది వేసుకోవడం నయం కాదేటి? లేత్ వాళ్లకి గంటలో డబ్బులు చేతిలో పడతాయి, బెల్టు తెగేది మాత్రం తర్వాత.

గాజులరేగ_లేత్:
మాటలు చూసుకోండి. ఒక షాపువాళ్లు ఒరిజినల్ అని అంటగట్టిన పుల్లీకి నా షెడ్డులో డయల్ గేజీ పెడితే 1 మి.మీ. ఊగింది. డబ్బాలో ఉంటే కొత్తదైపోద్దా?

నెల్లిమర్ల_డ్రైవర్:
మీ లెక్కలన్నీ షెడ్డులో బాగానే ఉంటాయి. ఘాట్ మలుపులో బెల్టులు తెగితే వాటర్ పంపు ఆగుతుంది, ఇంజను ఆపాలి. లోడు బండి చక్రాలకి రాళ్లు పెట్టుకుని రాత్రంతా కూర్చునేది డ్రైవరు. అప్పుడు ఓనరు ఫోనెత్తడు. లేతా కొత్తదా అని ఇక్కడ అడుగుతున్నాయన ఆ బండి ఎక్కుతాడా?

టెక్కలి_లోడ్:
ఎక్కను. కిస్తీ నేనే కడతాను. కొత్త పుల్లీ రావడానికి మూడు రోజులంటున్నారు, అన్నాళ్లు బండి ఆపితే లోడు వేరేవాళ్లకి పోద్ది.

పాత_పానా:
అదీ సంగతి. మీరడిగింది లేత్ గురించి కాదు, మూడు రోజుల గురించి. ముందే చెప్తే ఇంత రాసేవాణ్ని కాదు. రబ్బరు లేని పుల్లీ అయితే లేత్ పట్టించి హైవే మీద విశాఖ వైపు తిప్పుకోండి, కొత్తది ఈలోగా ఆర్డర్ పెట్టండి. ఘాట్ లోడు మాత్రం అది వచ్చాకే.

గాజులరేగ_లేత్:
రెండు గాడులూ ఒకే కొలతకి తీస్తే ఘాట్ కూడా ఎక్కుతుంది. రాసిస్తాను.

నెల్లిమర్ల_డ్రైవర్:
మీ రాత బండికి జాకీ అవదు. కొత్తది వచ్చేదాకా ఘాట్ పంపనని ఓనరుగారు ఇక్కడ ఒక్క ముక్క రాయమనండి.

టెక్కలి_లోడ్:
గాజులరేగ అన్నా, ఆదివారం షెడ్డు తీస్తారా?

నెల్లిమర్ల_డ్రైవర్:
నేనడిగిందానికి జవాబు ఇది కాదు.