ట్రెక్కింగ్‌కి కత్తి, దానికో మంచి ఒర: వైజాగ్ గాలికి ఏది నిలబడుతుంది?

మద్దిలపాలెం కుర్రాడు:
అందరికీ నమస్కారం. వానలు తగ్గగానే మేం నలుగురం అనంతగిరి, అరకు వైపు బయల్దేరతాం. పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి, ఎక్కడో దిగి నడిచి, తెలిసినవాళ్ల తోటలో టెంట్ వేసుకుని రాత్రి ఉంటాం. ఇన్నాళ్లూ ఇంట్లో కూరగాయల కత్తినే న్యూస్‌పేపర్లో చుట్టి బ్యాగులో పడేసుకునేవాణ్ణి. పోయిన నెల వానకి బ్యాగు తడిసింది. చీకట్లో టార్చి కోసం లోపల చెయ్యి పెట్టాను. పేపరు మెత్తబడి చిరిగిపోయింది, కత్తి అంచు నేరుగా చేతికి తగిలింది. బొటనవేలి మొదట్లో మూడు కుట్లు పడ్డాయి. ఇక సరైన కత్తి, సరైన ఒర కొనుక్కోవాలని గట్టిగా అనుకున్నాను. కార్బన్ స్టీల్ మంచిదా, స్టెయిన్‌లెస్ మంచిదా? తోలు ఒరా, ప్లాస్టిక్కా? ఎంత పొడవు ఉండాలి? దారిలో పోలీసులు ఆపితే ఇబ్బందేమైనా ఉంటుందా? వాడిన వాళ్లు చెప్పండి.

పెదవాల్తేరు ఉప్పుగాలి:
తమ్ముడూ, ముందు చెయ్యి మానిందా? కుట్లు పూర్తిగా ఆరేదాకా ఆ చేత్తో కత్తి పట్టొద్దు.

నా అనుభవం చెప్తాను. మా ఫ్లాట్ బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. అదే నా కత్తి కొంప ముంచింది. పదును బాగా నిలుస్తుందని అందరూ చెప్తే కార్బన్ స్టీల్ కత్తి, దానికి ముచ్చటైన తోలు ఒర కొన్నాను. ఒక ట్రిప్ అయ్యాక తుడిచి, ఒరలోనే పెట్టి బీరువాలో దాచాను. రెండు నెలల తర్వాత తీస్తే ఒరలోంచి కదల్లేదు. గట్టిగా లాగితే కరకరమని శబ్దం వచ్చింది. అంచు పొడవునా నారింజ రంగు పొడి, మొన దగ్గర సూదితో పొడిచినట్టు గుంటలు. ఒర మీదున్న ఇత్తడి రివెట్లకి పచ్చటి చిలుము పట్టింది. పైపై తుప్పుని సానరాయి మీద రుద్ది తీశాను కానీ గుంటలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

తోలు గాల్లో తేమని పీల్చుకుని లోపలే పట్టి ఉంచుతుంది. పచ్చి తోలుని శుద్ధి చేసేటప్పుడు వాడే రసాయనాలు కూడా ఉక్కుకి పడవు. తోలు ఒర ప్రయాణానికే, దాచడానికి కాదు. ఈ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ కత్తి బతికేది.

ఉక్కునగరం మాస్టారు:
ముప్పై ఏళ్లకు పైగా ఉక్కుతోనే పనిచేసి రిటైర్ అయ్యాను, కాబట్టి లోహం సంగతి నేను చెప్తాను బాబూ.

కత్తికి గట్టిదనం కార్బన్ వల్ల వస్తుంది. తుప్పుని ఆపేది క్రోమియం. సుమారు 10.5 శాతం క్రోమియం ఉంటేనే స్టెయిన్‌లెస్ అంటాం. అది గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద కంటికి కనిపించని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. కానీ ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని చుక్కచుక్కగా తినేస్తుంది. అందుకే మన ఊళ్లో స్టెయిన్‌లెస్ కత్తిని కూడా సముద్రపు నీళ్లు తగిలాక మంచినీళ్లతో కడిగి తుడవాలి.

1095 అనే కార్బన్ స్టీల్‌లో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది, క్రోమియం దాదాపు ఉండదు. పదును పెట్టడం తేలిక, తుప్పు పట్టడం ఇంకా తేలిక. స్వీడన్ మోరా కత్తుల్లో వాడే 12సీ27 అనే స్టెయిన్‌లెస్ ఉక్కులో కార్బన్ 0.6, క్రోమియం 13.5 శాతం. విశాఖలో ఉండి కొండలకి వెళ్లేవాడికి నేను అదే చెప్తాను. డీ2 అనే రకంతో మాత్రం జాగ్రత్త. క్రోమియం 12 శాతం ఉందని చూసి స్టెయిన్‌లెస్ అనుకుంటారు. అందులో కార్బన్ ఎక్కువ కావడంతో క్రోమియంలో చాలా భాగం ఆ కార్బన్‌తో కలిసి కార్బైడ్లు అనే గట్టి రేణువులుగా కట్టుబడిపోతుంది, పొర కట్టడానికి మిగిలేది తక్కువ. మన గాలికి అది మరకలు పడుతుంది.

గాజువాక సూరి:
మాస్టారూ, నమస్తే. మాకు తెలిసిన కమ్మరి ఉన్నాడు. ఇల్లు కట్టగా మిగిలిన ఇనప చువ్వ ఇస్తే కత్తి కొట్టి ఇస్తానన్నాడు. పనికొస్తుందా?

ఉక్కునగరం మాస్టారు:
పనికిరాదు బాబూ. శ్లాబుకి వాడే చువ్వలో కార్బన్ 0.3 శాతం లోపే. అది వంగాలి, విరక్కూడదు, అందుకే అలా తయారు చేస్తారు. కొలిమిలో కాల్చి ముంచినా కత్తికి కావలసినంత గట్టిపడదు. ఒక పూట కర్ర చెక్కేసరికి పదును పోతుంది.

లారీ కమాన్ పట్టీ అయితే వేరే మాట. అది స్ప్రింగ్ స్టీల్, కార్బన్ సగం శాతం పైనే ఉంటుంది. పొలం కత్తులు చాలామంది కమ్మర్లు దాంతోనే కొడతారు. అయితే ఏళ్ల తరబడి ఊగి ఊగి అరిగిన పట్టీలో కనపడని పగుళ్లు ఉండొచ్చు, మంచి ముక్క చూసి ఎంచుకోమనండి. కాల్చినప్పుడు అయస్కాంతం అంటుకోని వేడికి వచ్చాక ఇంకాస్త కాల్చి నూనెలో ముంచాలి. ఆ తర్వాత దాదాపు 200 డిగ్రీల్లో గంటసేపు మళ్లీ వేడి చేయాలి. ఈ రెండో వేడి వదిలేస్తే కత్తి గాజులా ఉంటుంది, రాయి మీద పడితే పెచ్చు లేస్తుంది. ఇది కూడా తుప్పు పట్టే ఉక్కే సుమా, నూనె రాయడం మర్చిపోవద్దు.

పాడేరు టీచరమ్మ:
నేను పుట్టింది పాడేరు దగ్గర, ఇప్పుడు ఉద్యోగం విశాఖలో. సిటీ నుంచి వచ్చేవాళ్లు పెద్ద కత్తి ఉంటేనే అడవిలో పని జరుగుతుందనుకుంటారు. మా ఊళ్లో కట్టెలకి గొడ్డలి, కొమ్మలకి వంపు కత్తి ఎప్పుడూ ఇంటి చూరులోనే ఉంటాయి. నడకకి వెళ్లేవాళ్లకి పట్టుకెళ్లాల్సింది చిన్న కత్తే. మీరు చేసే పనులు ఒకసారి లెక్కపెట్టుకోండి: తాడు కోయడం, ఉల్లిపాయ తరగడం, టెంటు మేకులకి కర్ర చెక్కడం, ఎండు పుల్లని సన్నగా చెక్కి మంట రాజేయడం. వీటికి నాలుగు అంగుళాల బ్లేడు చాలు.

బొంగు చికెన్ చేసుకుందామని చాలామంది వెదురు దగ్గరే చెయ్యి కోసుకుంటారు. అందుకే ఇది వివరంగా చెప్తున్నాను. వెదురుని కత్తితో అడ్డంగా నరకొద్దు. పైతోలు నునుపు, దెబ్బ జారి మోకాలి మీదికి వస్తుంది. ముక్క చేయడానికి చిన్న రంపం వాడండి. చీల్చాలంటే బొంగుని నేల మీద నిలువుగా నిలబెట్టి, కత్తి అంచుని బొంగు పైనోటి మీద ఆనించి, కర్రముక్కతో కత్తి వెనకవైపు తట్టండి. ఒకసారి దారి పడిందంటే గీతలా చీలిపోతుంది. అప్పుడు కత్తి పక్కన పెట్టేసి, చీలిన అంచుని చేత్తో తడమకండి. పచ్చి వెదురు పెచ్చు కత్తి కంటే లోతుగా కోస్తుంది. నా ఎడమ అరచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఎండాడ రమణ:
ఆన్‌లైన్‌లో దొరికే ‘సర్వైవల్ నైఫ్’ మాత్రం కొనకండి అన్నా. పిడి డొల్లగా ఉంటుంది, మూత తిప్పితే దిక్సూచి, లోపల అగ్గిపుల్లలు, గేలం. చూడ్డానికి భలే ఉందని కొన్నాను. వంజంగిలో చలికి వణుకుతూ కట్టె చీలుస్తుంటే మూడో దెబ్బకే బ్లేడు ఊడి ఎగిరి మా తమ్ముడి బూటు పక్కన గుచ్చుకుంది. లోపల చూస్తే బ్లేడుని పిడికి పట్టి ఉంచింది చిటికెన వేలంత మర మాత్రమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉక్కునగరం మాస్టారు:
రమణ గారు చెప్పింది అక్షరాలా నిజం. పిడి లోపలికి వెళ్లే ఇనుముని టాంగ్ అంటారు. బ్లేడు వెడల్పుతోనే పిడి చివరిదాకా వస్తే ఫుల్ టాంగ్. కట్టెలు చీల్చే ఉద్దేశం ఉంటే అది, 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందంతో తీసుకోండి. మోరాలో కంపానియన్ అనే మోడల్‌ది ఫుల్ టాంగ్ కాదు, మందం 2.5 మిల్లీమీటర్లే. చెక్కడానికి, కోయడానికి అద్భుతంగా ఉంటుంది కానీ దుంగ మీద పెట్టి సుత్తితో బాదకూడదు.

భీమిలి బాబ్జీ:
మడత కత్తి గురించి ఎవరూ చెప్పలేదేం? ఫ్రాన్స్ ఓపినెల్ 8వ నంబరు నా జేబులో మూడేళ్లుగా ఉంది. పండ్లు కోయడానికి హాయిగా ఉంటుంది. ఒక్కటే చిక్కు: వానాకాలం కర్ర పిడి ఉబ్బి బ్లేడు బయటికి రాదు. మా ఇంటి దగ్గర ఒక్కోసారి పిడి చివర బల్లకి తట్టి తీయాల్సి వస్తుంది.

కైలాసగిరి మెట్లు:
అందరూ కత్తి గురించే చెప్తున్నారు. నేను ఒర గురించి చెప్తాను, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది ఒర వల్లే.

యారాడ వైపు రాళ్లు దిగుతూ జారి కూర్చుండిపోయాను. కత్తి నడుము వెనక అడ్డంగా పెట్టుకున్నాను, స్టయిల్‌గా ఉంటుందని. పడ్డప్పుడు పిడి వెన్నుపూస మీద దిగబడింది. వారం రోజులు వంగలేకపోయాను. ఇంటికొచ్చి ఒర చూస్తే అడుగున కుట్టు తెగి మొన అర అంగుళం బయటికి వచ్చేసింది. ఇంకొంచెం పక్కకి పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఎందుకు తెగిందో తర్వాత అర్థమైంది. రెండు తోలు ముక్కల్ని నేరుగా కలిపి కుట్టేశారు. కత్తి తీసి పెట్టిన ప్రతిసారీ అంచు ఆ దారాన్నే కోస్తుంది. మంచి ఒరలో ఆ రెండు ముక్కల మధ్య ఇంకో తోలు పట్టీ పెట్టి కుడతారు. అంచు ఆ పట్టీకి తగులుతుంది, దారానికి తగలదు. కొనేటప్పుడు ఒరని పక్కనుంచి చూడండి. మూడు పొరలు కనబడితే సరే, రెండే ఉంటే వదిలేయండి.

ఇప్పుడు నాది కైడెక్స్ ఒర. వేడి చేసి కత్తి ఆకారానికి ఒత్తే ప్లాస్టిక్ అది. పెట్టగానే టక్కుమని పట్టేస్తుంది. అడుగున నీళ్లు కారే రంధ్రం ఉంది. తిరగేసి గట్టిగా ఊపినా కత్తి జారదు. కొత్త ఒర కొంటే ఈ పరీక్ష పరుపు మీద చేయండి, కాళ్ల మీద వద్దు. బీచ్‌కి వెళ్లొచ్చాక లోపల ఇసుక ఉంటే బ్లేడు మీద గీతలు పడతాయి, అందుకే ప్రతిసారీ కుళాయి కింద పెట్టి కడుగుతాను. కత్తి తుంటి పక్కన పెట్టుకోవాలి, ముందుకి వద్దు, వెనక్కి వద్దు. నడిచేది చిట్టడవిలో అయితే బ్యాగు పక్క జేబులో పెట్టుకోవడం ఇంకా నయం.

సీతమ్మధార లాయర్:
చట్టం సంగతి క్లుప్తంగా. ఆయుధాల నిబంధనల్లో బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న కత్తుల ప్రస్తావన ఉంది. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకి తయారైనవాటికి మినహాయింపు ఉంది. నాలుగు అంగుళాల కత్తి ఆ కొలతకి చాలా లోపల ఉంటుంది. అలాగని బెల్టుకి తగిలించుకుని ఆర్కే బీచ్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో తిరగొద్దు. బ్యాగు అడుగున పెట్టుకోండి. విమానంలో అయితే చేతి సంచీలో అస్సలు కుదరదు, చెక్ఇన్ లగేజీలో పెట్టాలి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆయుధం అన్న మాటకి ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో కత్తులు కూడా ఉన్నాయి. కాబట్టి కంబాలకొండ అభయారణ్యానికి వెళ్తే కత్తి ఇంట్లోనే వదిలేయండి. రిజర్వ్ ఫారెస్ట్‌లో మంట వేయడం, చెట్టు కొట్టడం నేరం. మీరు తోటలో ఉంటున్నారు, మంచి పని చేస్తున్నారు.

పెదవాల్తేరు ఉప్పుగాలి:
కంబాలకొండ విషయం నాకు నిజంగా తెలీదు లాయర్ గారూ. పోయినసారి నా బ్యాగులోనే ఉంది. థాంక్స్ అండీ.

మద్దిలపాలెం కుర్రాడు:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న కొన్నాను. స్టెయిన్‌లెస్, బ్లేడు పది సెంటీమీటర్లు, ఫుల్ టాంగ్, మూడు మిల్లీమీటర్ల మందం, కైడెక్స్ ఒర. షాపులో ముందు చూపించింది తోలు ఒర ఉన్నదే. పక్కనుంచి చూస్తే రెండే పొరలు, వద్దన్నాను. ఇంటికొచ్చి పరుపు మీద తిరగేసి ఇరవైసార్లు ఊపాను, జారలేదు. కానీ బెల్టుకి తగిలించే క్లిప్పు మరలు కాస్త కదులుతున్నాయి. మాస్టారూ, బిగిస్తే సరిపోతుందా?

ఉక్కునగరం మాస్టారు:
బిగించి వదిలేస్తే నడకలో కదలికకి మళ్లీ వదులవుతాయి. ఒక్కో మరకి చుక్క నెయిల్ పాలిష్ వేసి బిగించు, పట్టేస్తుంది. విప్పాలన్నా కష్టపడక్కర్లేదు. ట్రిప్ నుంచి వచ్చాక కత్తి కడిగి, పొడి గుడ్డతో తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాసి, ఒర బయట దాచు. ఒరని విడిగా ఆరబెట్టు.

మద్దిలపాలెం కుర్రాడు:
అక్క నెయిల్ పాలిష్ అడిగి తెచ్చాను మాస్టారూ, ఎర్ర రంగుది. చీకట్లో టార్చి వేస్తే మరలు కూడా బాగా కనిపిస్తున్నాయి. కుట్లు ఎల్లుండి తీస్తారు. ఆదివారం అరకు వెళ్తున్నాం, బొంగులో వండుతాం. టీచరమ్మ గారూ, రంపం కూడా కొన్నాను.