వీధి నుంచి తెచ్చుకున్న కుక్క నేల మీద కనబడిందల్లా తినేస్తోంది: లీష్ గుంజాలా, ట్రీట్లతో నేర్పాలా?

ఉదయనడక: మా ఆడకుక్క వీధిలో పెరిగింది. రెండేళ్లుండొచ్చని డాక్టర్ అంచనా. ఇంట్లో బంగారం. గేటు దాటితే మాత్రం ముక్కు నేలకి అతుక్కుపోతుంది. ఎముక, టిష్యూ కాగితం, పాచిపోయిన అన్నం, ఏదైనా సరే, మనం చూసేలోపే గుటుక్కుమంటుంది. నోట్లో వేలు పెట్టి తీద్దామంటే ఇంకా గబగబా మింగుతోంది, ఈమధ్య చిన్నగా గుర్రుమంటోంది కూడా. ఒక ట్రైనర్ లీష్ గట్టిగా గుంజితే దారికొస్తుందన్నాడు. ఇంకొకాయన అలా ముట్టుకోనే వద్దన్నాడు. ఎవరి మాట వినాలి?

పాతకాపు: గుంజండి. ఎలకల మందు కలిపిన ముద్ద మింగాక మీ ట్రీట్లు ఏం పనికొస్తాయి? ప్రాణం మీదకొచ్చే విషయంలో బుజ్జగింపులు నడవవు.

ముక్కుసూటి: పాతకాపు గారూ, ప్రమాదం నిజమే. పరిష్కారం మాత్రం గుంజడం కాదు. ఈ కుక్క ఇన్నాళ్లు బతికిందే నేల మీద దొరికినది తిని. రోజూ దొరకదు, ఎప్పుడో ఒకసారి దొరుకుతుంది, అందుకే ఆ అలవాటు అంత మొండిది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాల్లో కనబడింది ఇదే. మీటని ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజలు ఆగిపోగానే పొడవడం తొందరగా మానేస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే దొరికినది చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. అలాంటి అలవాటు మీద గుంజితే కుక్క నేర్చుకునేది ‘తినకూడదు’ అని కాదు, ‘మనిషి వచ్చేలోపు మింగెయ్యాలి’ అని. ఉదయనడక గారి కుక్క గుర్రుమంటోందంటే ఆ పాఠం ఇప్పటికే మొదలైంది. ఆ గుర్రుని తిట్టి మాన్పిస్తే, రేపు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన ప్రకటన కూడా బహుమతితో నేర్పమనే చెప్పింది.

పద్ధతి ఇదీ. ఇంట్లో, గుప్పిట్లో మామూలు బిస్కెట్ ముక్క పట్టుకుని దాని ముందు పెట్టండి. నాకుతుంది, గోకుతుంది, పళ్లతో వేళ్లు గిల్లుతుంది. మీరు మాట్లాడకండి, చెయ్యి కదపకండి. ఎప్పుడో ఒక క్షణం విసుగొచ్చి ముక్కు వెనక్కి తీస్తుంది. సరిగ్గా అప్పుడు ‘శభాష్’ అని రెండో చేతిలోంచి ఉడికించిన మాంసం ముక్క ఇవ్వండి. గుప్పిట్లోది మాత్రం ఎప్పటికీ ఇవ్వకూడదు, అసలు కిటుకు అక్కడే ఉంది. గుప్పిట చూడగానే వెనక్కి తగ్గుతున్నప్పుడు ‘వదిలెయ్’ అనే మాట జోడించండి. ఆ తర్వాత బిస్కెట్ నేల మీద మీ చెప్పు కింద, తర్వాత చెప్పు తీసేసి, ఆఖరికి లీష్ మీద నడుస్తూ దూరం నుంచి. వీధిలోకి అప్పుడే. చాలామంది నేరుగా వీధిలోనే మొదలుపెట్టి, ట్రీట్లు పనిచేయవని తేల్చేస్తారు.

పాతకాపు: సరే, ఇదంతా వంటబట్టేదాకా ఏం చేస్తారు? రోజూ బయటికి తీసుకెళ్లాలిగా.

నాలుగుకాళ్లు: బాస్కెట్ మజిల్, అంటే మూతికి తొడిగే బుట్ట, వేయండి. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే రకం. మూతిని బిగించే గుడ్డ రకం నడకకి పనికిరాదు, దానితో కుక్క ఒళ్లు వేడెక్కిపోతుంది. మొదట ఆ బుట్టలోనే తిండి పెట్టి అలవాటు చేసి, ఆ తర్వాతే పట్టీ కట్టండి.

గడ్డిపోచ: ఎద్దుకి చిక్కం కట్టినట్టు కట్టేసి దాన్ని ట్రైనింగ్ అంటారా! కుక్కకి లోకం తెలిసేదే ముక్కుతో. వాసన చూడనివ్వని నడక నాకు దండనలాగే కనిపిస్తుంది. గడ్డిలో కుక్క తిండి గింజలు చల్లి వెతుక్కోనివ్వండి, ఆ ఆశ అక్కడ తీరిపోతుంది.

నాలుగుకాళ్లు: మజిల్ వాసనకి అడ్డు రాదండీ, ముక్కు బయటి గాలికే ఉంటుంది. అయితే దాన్ని నమ్మి పరధ్యానంగా నడిచే వాళ్లని చూశాను. మెత్తటి చెత్త ఆ కంతల్లోంచి లోపలికి పోతుంది.

ముక్కుసూటి: గడ్డిపోచ గారి మాటలో సగం ఒప్పుకుంటాను. వాసన చూడటం వేరు, నోట్లో పెట్టుకోవడం వేరు, మనం ఆపాల్సింది రెండోదే. గింజలు చల్లడం మాత్రం రోజూ నడిచే దారిలో వద్దు, నేల మీద తిండి ఉంటుందని మనమే చెప్పినట్టవుతుంది. ఇంటి ఆవరణలో, ‘వెతుకు’ అన్నాక మాత్రమే చల్లండి. అలా చేస్తే అది వేరే ఆట అని దానికే తెలుస్తుంది.

మందులచీటీ: ట్రైనింగ్‌కి ముందు డాక్టర్‌కి చూపించండి. కడుపులో పురుగులు, రక్తహీనత ఉన్నా మట్టీ కాగితాలూ తింటాయి. ఇంకొకటి, రక్తం గడ్డకట్టకుండా చేసే రకం ఎలకల మందు తిన్న కుక్క మొదటి రెండు మూడు రోజులు మామూలుగానే ఆడుతూ ఉంటుంది. బాగానే ఉంది కదా అని ఆగొద్దు, తిన్నదని అనుమానం రాగానే పరుగెత్తండి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం అసలు చేయొద్దు, ఆ ఉప్పే ప్రాణం తీయొచ్చు.

ఉదయనడక: మజిల్ కొంటాను, గుప్పిట ఆట ఈ రాత్రి నుంచే. ఒక్క అనుమానం: ఇప్పటికే నోట్లో పెట్టేసుకుంటే?

ముక్కుసూటి: నోరు పెకలించకండి, మీదికి ఉరకకండి. మాంసం ముక్క ముక్కు దగ్గర పెట్టండి, దాని కోసం నోరు తెరుస్తుంది. కింద పడినదాన్ని తీయాలని చెయ్యి చాపకుండా, ఇంకో నాలుగు ముక్కలు పక్కకి విసిరి దాన్ని దూరం నడిపించండి. ఇంట్లో బొమ్మలతో ఈ మార్పిడి చేస్తూ, ప్రతిసారీ బొమ్మ తిరిగి ఇచ్చేస్తుండండి. వదిలితే పోగొట్టుకునేదేమీ లేదని దానికి అప్పుడే నమ్మకం కుదురుతుంది. ప్రాణాంతకమైనదైతే ఈ నియమాలన్నీ పక్కన పెట్టి లాగేయండి, కానీ వేళ్లు జాగ్రత్త.