రిచర్డ్‌సన్‌కి కొత్తగా వచ్చాను, కార్డు మోసాల గురించి సలహా కావాలి

రిచర్డ్‌సన్, కొత్త విద్యార్థిని:
అందరికీ నమస్కారం. ఎంఎస్‌కి అమెరికా వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. క్యాంపస్‌లో పని దొరికింది, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) కూడా వచ్చింది. బ్యాంకులో డెబిట్ కార్డు ఇచ్చారు, ముందు డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ క్రెడిట్ కార్డు తీసుకోమంటున్నారు. నెలనెలా కొంత కడితే మోసాలు జరగకుండా కనిపెట్టుకుని ఉండే ప్లాన్ ఒకటి ఉందట. తీసుకోమంటారా?

ఇర్వింగ్:
ప్లాన్ సంగతి తర్వాత చూద్దాం చెల్లెమ్మా. ముందు ఆ డెబిట్ కార్డు పర్సులోంచి తీసి ఇంట్లో పెట్టు. ఏటీఎంకి వెళ్లేటప్పుడు తప్ప బయటికి తీయొద్దు.

మా మరిది సంగతి చెప్తా విను. హైవే పక్కన గ్యాస్ స్టేషన్‌లో పంపు దగ్గర డెబిట్ కార్డు పెట్టి పిన్ కొట్టాడు. అక్కడ ఎవరో స్కిమ్మర్, అంటే కార్డు వివరాలు కాజేసే పరికరం, బిగించి పెట్టారు. కార్డు వివరాలూ పిన్నూ రెండూ దొంగ చేతికి చిక్కాయి. సరిగ్గా నెలాఖరు. ఖాతా ఊడ్చేశారు. 1వ తారీఖున అద్దె ఆటోపే వెళ్తే డబ్బుల్లేక వెనక్కొచ్చింది. పోలీసు రిపోర్టు పట్టుకుని లీజింగ్ ఆఫీసుకి వెళ్లాడు. ‘అది మీకూ మీ బ్యాంకుకీ మధ్య విషయం’ అన్నారు. లేట్ ఫీజు ఒకటి, పేమెంట్ తిరిగొచ్చినందుకు ఇంకొకటి వేశారు. మేనేజర్‌తో మాట్లాడతానంటే రేపు రమ్మన్నారు. మర్నాడు వెళ్తే ఆవిడ సెలవు. పెళ్లాం పిల్లలతో ఉన్న మనిషి, ఇల్లు ఖాళీ చేయమని తలుపుకి నోటీసు అంటిస్తారేమోనని నిద్రపోలేదు.

బ్యాంకు డబ్బు తిరిగిచ్చింది, కాదనను. విచారణ 10 పనిదినాలు దాటేలా ఉంటే ఈలోగా తాత్కాలికంగా జమ చేయాలని రూలుంది. కానీ అన్నాళ్లు ఇల్లెలా గడుస్తుంది? మేము సర్దాం కాబట్టి సరిపోయింది. నీకు ఇక్కడ సర్దేవాళ్లు ఎవరున్నారమ్మా? అదే క్రెడిట్ కార్డు అయితే ఇరుక్కునేది బ్యాంకు డబ్బు, నీ అద్దె డబ్బు జోలికి రాదు.

ప్లేనో:
అన్నా, అసలు రూలు చెప్పలేదు మీరు. డెబిట్ కార్డు పోయిందని తెలిశాక 2 పనిదినాల్లో బ్యాంకుకి చెప్తే మన నష్టం 50 డాలర్లు దాటదు. ఆలస్యమైతే 500 దాకా మన నెత్తిన పడుతుంది. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపల కూడా చెప్పకపోతే, ఆ తర్వాత పోయేదానికి హద్దే లేదు. క్రెడిట్ కార్డుకి ఎప్పుడు చెప్పినా చట్టంలో 50 దాటదు. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో ఆ 50 కూడా అడగరు.

ఇర్వింగ్:
ఆ 2 రోజుల లెక్క కార్డే పోయినప్పుడు తమ్ముడూ. మా వాడి కార్డు జేబులోనే ఉంది. నంబరు మాత్రమే కాజేస్తే 60 రోజుల్లోపు చెప్పినా ఒక్క సెంటు కట్టక్కర్లేదు. పిల్లని కంగారు పెట్టకు.

ప్లేనో:
కంగారు పెట్టడం కాదన్నా. 60 రోజులున్నాయిలే అనుకుంటే స్టేట్‌మెంట్ తెరిచి చూసేవాళ్లు ఉండరు. రెండు రోజులే అనుకుని బతకడం మంచిది.

ఎడిసన్:
మీ ఇద్దరి మాటా సరే, ఆ అమ్మాయికి అసలు తేడా ఎవరూ చెప్పలేదు. మనవాళ్లు ఇండియాలో ఓటీపీకి అలవాటుపడ్డారు. అక్కడ ఆన్‌లైన్‌లో రెండో తాళం ఉండాల్సిందేనని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో పెట్టింది. ఇక్కడ చాలా చోట్ల కార్డు నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, వెనకున్న మూడంకెలు ఉంటే చాలు, కొనేయొచ్చు. అందుకే ఈరోజే యాప్‌లో ప్రతి కొనుగోలుకీ అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి. ఒక్క డాలరుకైనా రావాలి. దొంగలు ముందు చిన్న మొత్తంతో కార్డు పనిచేస్తుందో లేదో చూసుకుంటారు. ఆ ఒక్క డాలరు మీది కాకపోతే వెంటనే కార్డు లాక్ చేసి ఫోన్ చేయండి.

ట్యాప్ ఉన్న చోట గీకవద్దు. ట్యాప్‌కీ చిప్‌కీ ప్రతిసారి కొత్త కోడ్ పుడుతుంది, గీకే కార్డు వెనకున్న నల్లగీతలో ఎప్పుడూ ఒకటే సమాచారం ఉంటుంది. అమెరికా దుకాణాల్లో చిప్ లేకపోతే నష్టం వ్యాపారిదేనన్న నిబంధన 2015 అక్టోబరులో వచ్చింది. గ్యాస్ పంపులకి 2021 దాకా గడువిచ్చారు. దొంగలు అన్నేళ్లు పంపుల మీద పడింది అందుకే.

నెలవారీ ప్లాన్ అక్కర్లేదు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అని మన అప్పుల చరిత్ర రాసిపెట్టే బ్యూరోలు మూడున్నాయి, మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్ పెట్టుకోండి, మన పేరు మీద ఇంకొకరు కొత్త ఖాతా తెరవకుండా. 2018 సెప్టెంబరు నుంచి దేశమంతటా ఉచితం. 2017లో ఈక్విఫాక్స్ నుంచి 14 కోట్లమందికి పైగా వివరాలు బయటపడ్డాయి. మన ఎస్ఎస్ఎన్ ఇంకా రహస్యమే అనుకోవడానికి లేదు.

ఫ్రిస్కో:
కొత్తగా వచ్చిన పిల్లకి ఫ్రీజ్ ఎందుకండీ? రేపు అపార్ట్‌మెంట్ మారాలి, ఫోన్ ప్లాన్ కావాలి, ఇంకో కార్డు కావాలి. ప్రతిసారీ అడ్డమే. ఫ్రాడ్ అలర్ట్ పెడితే చాలు. ఒక చోట చెప్తే మిగతా రెండింటికీ వాళ్లే చెప్తారు, ఏడాది ఉంటుంది.

ఎడిసన్:
అలర్ట్ పెడితే, అప్పిచ్చేవాళ్లు ముందు మనమేనా కాదా అని చూసుకోవాలి. ఫ్రీజ్ పెడితే మన క్రెడిట్ రిపోర్టే వాళ్లకి దొరకదు. తీయడం కూడా కష్టమేం కాదు. ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో అడిగితే గంటలో తీయాలని చట్టం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లని ఏ బ్యూరోలో చూస్తారో అడిగి, అదొక్కటే కొన్నాళ్లు తెరిస్తే సరి.

ఫ్రిస్కో:
ఒప్పుకుంటాను. కానీ ఫ్రీజ్ ఆపేది కొత్త ఖాతాల్ని మాత్రమే. చేతిలో ఉన్న కార్డు మీద జరిగే దొంగతనాన్ని ఆపదు. అది కూడా ఆ అమ్మాయికి చెప్పాలి కదా.

ఆస్టిన్:
ఇంతమంది రాశారు, ఫోన్ల మాట ఎవరూ ఎత్తలేదు. బ్యాంకు ఫ్రాడ్ డిపార్ట్‌మెంట్ అని ఫోనొస్తుంది తల్లీ, స్క్రీన్ మీద బ్యాంకు నంబరే కనిపిస్తుంది. ‘మీ ఫోన్‌కి ఇప్పుడే కోడ్ పంపాం, చదవండి’ అంటారు. చదివావంటే అయిపోయినట్టే. మర్యాదగా పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకి నువ్వే చెయ్యి. ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) అనో ఇమ్మిగ్రేషన్ అనో బెదిరించి గిఫ్ట్ కార్డులు కొనమంటే మాట్లాడకుండా పెట్టెయ్. ఏ ప్రభుత్వ ఆఫీసూ గిఫ్ట్ కార్డులతో డబ్బు తీసుకోదు. ఇల్లు చూడకుండా జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి వెంటనే డబ్బు పంపే సర్వీసు) అడ్వాన్స్ పంపమన్నా పంపకు. మన చేత్తో మనం పంపింది తిరిగి రావడం చాలా కష్టం. ఏమైనా జరిగితే సిగ్గుపడి దాచుకోకు, అర్ధరాత్రయినా ఇక్కడ రాయి. ఎవరో ఒకరం మేలుకునే ఉంటాం.