ఎజ్రా యూదుల అన్యజాతి భార్యలను పంపేయించడం సరైన పనేనా?

పాతనిబంధన_పాఠకుడు:
బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులు గుడి, గోడ కట్టుకున్నంత మాత్రాన నిలబడలేదు. ధర్మశాస్త్రం నేర్పే యాజకుడు ఎజ్రా కఠినంగా ఉండి, యూదులు పెళ్లాడిన అన్యజాతి (యూదులు కాని) భార్యలను పంపేయించాడు కాబట్టే నిలబడ్డారని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

నీటిగుమ్మం:
నేను కాదంటాను బ్రదర్. బైబిల్లో ఎజ్రా పుస్తకం 10వ అధ్యాయం మళ్లీ చూడండి, భార్యలనీ వాళ్లకు పుట్టిన పిల్లలనీ పంపేద్దామని మొదట అన్నది ఎజ్రా కాదు, జనంలో ఒకడైన షెకన్యా. క్రీ.పూ. 520లో ఆగిపోయిన గుడి పని మళ్లీ మొదలైనప్పుడు ప్రవక్తలు హగ్గయి, జెకర్యా దేవుని మాట ఇదీ అని స్పష్టంగా చెప్పారు, ఇక్కడ అలాంటి ప్రవక్త ఒక్కరూ లేరు. పైగా క్రీ.పూ. 515లో గుడి పూర్తయ్యాక చేసిన పస్కాలో (ఐగుప్తు దాస్యం నుంచి విడుదలను గుర్తుచేసుకునే పండుగలో), అన్యజనుల అపవిత్రత వదులుకుని వచ్చినవాళ్లు కూడా కూర్చుని తిన్నారని అదే పుస్తకం 6వ అధ్యాయంలో ఉంది. మారి వచ్చినవాళ్లకు అప్పుడు తలుపు తెరిచే ఉందిగా, మరి ఈ ఆడవాళ్లను మీరూ మారతారా అని ఎవరైనా అడిగారా?

నాకు అసలు ఉజ్జీవం, యూదులకు అధిపతిగా వచ్చి యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా పుస్తకంలో కనిపిస్తుంది. క్రీ.పూ. 445లో గోడ కడుతుండగా పేదలు మొరపెట్టుకున్నారు, పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టులో ఉన్నాయి, కన్నబిడ్డలను సొంత జనం దగ్గరే దాసులుగా పెట్టాల్సి వస్తోందని. నెహెమ్యా పెద్దలను నిలబెట్టి నిలదీసి, వడ్డీ మాన్పించి, పొలాలు తిరిగి ఇప్పించాడు. గోడ 52 రోజుల్లో అయిపోయింది. ఆ తర్వాత యెరూషలేములోని నీటి గుమ్మం ముందు ఎజ్రా తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివితే మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి విన్నారు, గుడి సేవ చేసే లేవీయులు అర్థం విడమరిచి చెప్పారు, జనం ఏడ్చారు. ఆ నెలలోనే కొమ్మలతో పాకలు వేసుకుని ఉండే పర్ణశాలల పండుగ చేశారు, మోషే తర్వాత నాయకుడైన యెహోషువ కాలం తర్వాత అలా ఎవరూ చేయలేదట. ఒక జాతిని నిలబెట్టింది ఇదీ.

పాతనిబంధన_పాఠకుడు:
బాగుంది, కానీ నెహెమ్యా 13 సంగతేంటి? అన్యజాతి తల్లుల పిల్లల్లో సగం మంది ఫిలిష్తీయుల పట్నమైన అష్డోదు భాష మాట్లాడుతున్నారు, యూదుల భాష రావట్లేదు. ఇంకో తరం గడిస్తే ఆ ధర్మశాస్త్రం చదివినా అర్థమయ్యేవాళ్లు ఉండేవారా?

నీటిగుమ్మం:
ఆ భయం నిజమైనదే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ నెహెమ్యా ఏం చేశాడు? తిట్టాడు, కొందరిని కొట్టాడు, జుట్టు పీకాడు, ఇకపై అన్యజనులకు పిల్లనివ్వం, వాళ్ల పిల్లను తెచ్చుకోం అని ఒట్టు వేయించాడు. కాపురం చేస్తున్న భార్యలను పంపేయమన్నట్టు ఆ వచనాల్లో లేదు. అంత కోపంలో ఉన్న మనిషే ఆ పని చేయించకుండా ఆగితే, అది లేకపోతే యూదులు మిగిలేవారే కాదని ఎలా అంటాం?