టెక్సాస్‌లో ఇంటి పచ్చళ్ల వ్యాపారం: పర్మిషన్ల సంగతి ఎవరిని అడగాలి?

పాలమూరు చెల్లె:
అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ దగ్గర. పెళ్లయి డాలస్ పక్కన ఇర్వింగ్‌కు వచ్చి ఏడు నెలలైంది. ఇంట్లోనే పచ్చళ్లు, కారప్పొడులు, సకినాలు చేసి అమ్ముదామని ఉంది. ఇక్కడ తెలిసినాయన ఒకరు 1,200 డాలర్లిస్తే అన్ని లైసెన్సులూ తనే తీసిస్తానంటున్నాడు. మా ఆయనేమో ఇచ్చేద్దాం, టెన్షన్ ఉండదు అంటున్నారు. అసలు ఈ రూల్స్ ఎవరిని అడగాలో చెప్పండి. ఇంకోటి, అమ్మ నిమ్మకాయ పచ్చడి పార్సిల్ చేస్తానంటోంది, అది కూడా అమ్ముకోవచ్చా?

హ్యూస్టన్ అక్క:
చెల్లె, లైసెన్సు తర్వాత, ముందు నీ వీసా ఏంటో చెప్పు. హెచ్‌ఫోర్, అంటే మీ ఆయన హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద వచ్చే భార్య వీసా అయితే ఈఏడీ కార్డు, అదే పని చేసుకోవడానికి ఇచ్చే పర్మిషన్ కార్డు, చేతిలో ఉందా? అది లేకుండా ఒక్క సీసా కూడా అమ్మకు. ఇంట్లోంచే కదా, క్యాష్ కదా, ఎవరు చూస్తారు అనే వాళ్లు చాలామంది ఉంటారు. రేపు గ్రీన్‌కార్డు దగ్గర ఇబ్బందైతే వాళ్లెవరూ రారు.

పాలమూరు చెల్లె:
హెచ్‌ఫోరే అక్కా. ఈఏడీకి అప్లై చేశాం, ఇంకా రాలేదు.

నల్లగొండ అన్న:
అమ్మకు కంటి ఆపరేషన్ అని నల్లగొండ వచ్చి పదిరోజులైంది, ఇంకా నిద్ర టైం కుదరక అర్ధరాత్రి కూర్చొని రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకమ్మా. అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మీ ఆయన సంగతి కూడా చూసుకోవాలి, హెచ్‌వన్ అంటే ఆ కంపెనీలో ఆ ఉద్యోగానికే, సాయంత్రాలు కూర్చొని సీసాలు నింపడం, డెలివరీకి పోవడం ఆయన చేయకూడదు. దీనికి మాత్రం డబ్బులు పోయినా సరే ఇమిగ్రేషన్ లాయర్‌నే అడగండి, నాలాంటి వాళ్ల మాట నమ్మొద్దు.

ఆ 1,200 మాత్రం ఇవ్వకు. టెక్సాస్‌లో అన్ని వ్యాపారాలకూ కలిపి ఒక లైసెన్సు అంటూ లేనే లేదు, ఆయన తీసిచ్చేదేముంది? ఎల్‌ఎల్‌సీ, అంటే నీ పేరు మీద కాకుండా వేరే కంపెనీగా పెట్టుకోవడం, అది కావాలంటే టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో 300 డాలర్లు. ఒక్కదానివే చేసుకుంటానంటే అదీ అక్కర్లేదు, వ్యాపారానికి వేరే పేరు పెట్టుకుంటే దాన్ని కౌంటీ క్లర్క్ ఆఫీసులో రాయించుకోవడమే. సేల్స్ టాక్స్ చూసేది కంప్ట్రోలర్ అనే స్టేట్ టాక్స్ ఆఫీసు, ఆ పర్మిట్‌కు ఫీజు లేదు. ఈఐఎన్, అంటే వ్యాపారానికిచ్చే టాక్స్ నంబర్, ఐఆర్ఎస్ (అమెరికా ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు) సైట్లో ఫ్రీ. నేను 2016లో దానికే ఒక వెబ్‌సైట్‌కు 250 డాలర్లు కట్టా, పైన గద్ద బొమ్మ ఉంటే గవర్నమెంటుదే అనుకున్నా. ఇక్కడ మాత్రం తక్కువా, మొన్న మా బామ్మర్ది కిరాణా షాపుకు ఉద్యం (చిన్న వ్యాపారాలకు మన సర్కారు చేసే) రిజిస్ట్రేషన్ చేయించాడు, దానికి రూపాయి ఫీజు లేదు, గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ షాపతను 1,500 తీసుకున్నాడు. ఫ్రీ అని తెలియకపోవడం మీదే వాళ్ల బతుకు.

నువ్వు పోవాల్సింది ఎస్‌బీడీసీకి. స్మాల్ బిజినెస్ డెవలప్‌మెంట్ సెంటర్, సర్కారు డబ్బుతో నడిచేది, మీ వైపుది డాలస్ కాలేజీ కింద ఉంటుంది. మనిషిని కూర్చోబెట్టి మాట్లాడతారు, పైసా తీసుకోరు. నేను మొదటిసారి పోయినప్పుడు ఒక పెద్దావిడ గంటన్నర కూర్చొని, ఏ రూల్ సిటీది, ఏది కౌంటీది, ఏది స్టేట్‌ది అని తెల్లకాగితం మీద మూడు గళ్లు గీసి రాసిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. స్కోర్ అని ఇంకొకటుంది, రిటైరైన వ్యాపారస్తులు వాలంటీర్లుగా సలహా ఇస్తారు, అదీ ఫ్రీయే, కాకపోతే లెక్కలకు, మార్కెటింగ్‌కు వాళ్లు మంచివాళ్లు, రూల్స్‌కు ఎస్‌బీడీసీయే నయం. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే మాత్రం ఆ రూల్ ఏ ఆఫీసుదో ఆ ఆఫీసుకే ఈమెయిల్ పెట్టు. ఫోన్లో అడిగితే ఎవరు ఏం చెప్పారో రేపు నీకే గుర్తుండదు, మెయిల్ అయితే చేతిలో ఉంటుంది.

ఇంట్లో వండి అమ్మడానికి అక్కడ కాటేజ్ ఫుడ్ చట్టం ఉంది, 2025 సెప్టెంబరు నుంచి దాన్ని బాగా సడలించారు, అమ్మకాల పరిమితి ఏడాదికి 50,000 డాలర్లుండేది 1,50,000 చేశారు. సిటీ వాళ్లు దీనికి లైసెన్సు ఫీజు అడగడానికి లేదు. ఫుడ్ హ్యాండ్లర్ కోర్సు, అంటే తిండి శుభ్రంగా చేయడం గురించి చెప్పేది, ఒకటి చేయాలి, లేబుల్ సరిగ్గా ఉండాలి. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి దీని కిందికి రావు, ఆ ఆశ వదిలేయ్. సకినాలకు, పొడులకు పెద్ద పేచీ లేదు. పచ్చడి దగ్గరే అసలు సంగతి, పులుపు సరిపోవాలి, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దాటకూడదు. నిమ్మ, మామిడి అయితే భయం తక్కువ, అదే వంకాయ, దొండకాయ లాంటివైతే నోటికి పుల్లగా ఉంది కదా అనుకుంటే కుదరదు, మీటర్ పెట్టి చూడాల్సిందే. న్యూజెర్సీలో ఉన్న ఫ్రెండ్స్‌కు పార్సిల్ అమ్మకాలు కూడా వద్దు, ఈ చట్టం టెక్సాస్ లోపల అమ్మేదానికే.

మీ అమ్మ పంపే నిమ్మకాయ పచ్చడి (అదీ నిమ్మతోటలున్న మా నకిరేకల్ వైపు వాళ్లకు చెప్తున్నావు) మీరు తినండి, అమ్మకండి. ఊరి నుంచి తెచ్చి అమ్మితే అది దిగుమతి, దానికి ఎఫ్‌డీఏ (అమెరికాలో తిండి, మందులు చూసే సర్కారు ఆఫీసు) రిజిస్ట్రేషను, సరుకు రాకముందే నోటీసు, అదంతా వేరే లోకం.

హ్యూస్టన్ అక్క:
అన్నా, ఆ ఉత్తరాల సంగతి కూడా చెప్పు.

నల్లగొండ అన్న:
అవును, మర్చిపోయా. ఎల్‌ఎల్‌సీ పెడితే కొన్నాళ్లకే ఇంటికి కవర్లు రావడం మొదలవుతుంది. గోధుమరంగు కవరు, బార్‌కోడ్, ఎర్ర అక్షరాల్లో గడువు తేదీ, సర్టిఫికెట్‌కు ఇంత కట్టు, గోడకు పెట్టే పోస్టర్‌కు ఇంత కట్టు అని. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, మేము ప్రభుత్వ సంస్థ కాదు అని ఉంటుంది. కట్టకుండా ముందు ఎస్‌బీడీసీ వాళ్లకు ఫొటో తీసి పంపు. బీఓఐ రిపోర్ట్, అంటే కంపెనీ అసలు ఓనర్లెవరో చెప్పే కాగితం, ఇవ్వకపోతే రోజుకు ఇంత ఫైన్ అని కూడా బెదిరిస్తారు, అమెరికాలోనే పెట్టిన కంపెనీలకు 2025 మార్చిలో అది తీసేశారు.

పాలమూరు చెల్లె:
థ్యాంక్స్ అన్నా, అక్కా. ఆయనకు చూపించా, డబ్బులు ఇవ్వట్లేదు. కార్డు వచ్చేదాకా అమ్మను, ఈలోపు కోర్సు చేసుకుంటా. ఎస్‌బీడీసీ వాళ్లు వచ్చే గురువారం రమ్మన్నారు. ఏం పట్టుకుపోవాలి?

నల్లగొండ అన్న:
అపార్ట్‌మెంట్ లీజు కాగితం, అందులో ఇంట్లో వ్యాపారం వద్దని రాసుందేమో ముందే చూసుకో. తర్వాత మీ అమ్మకు ఫోన్ చేసి కొలతలన్నీ గ్రాముల్లో రాయించుకో. పిడికెడు ఉప్పు, చారెడు కారం అంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు.

పాలమూరు చెల్లె:
ఇప్పుడే అడిగా అన్నా. "నా పిడికెడా, నీ పిడికెడా" అంటోంది. తూకం మిషన్ ఆర్డర్ పెట్టా.